ఆషాఢంలో గీకిన తలుపు

ఆ రోజుల్లో ఏది పోయినా రాసుకోకుండానే గుర్తుండేది. ఆ ఒక్క ఆషాఢంలో నాకు పోయినవి ఇవి: నాలుగు ఆదివారాలు, పెండ్లినాటి చొక్కా, మూడు సీసాల థిన్నర్, కుడిచేతి గోళ్లు రెండు, ఆ పైన లెక్కల మీద నాకున్న నమ్మకం. (పదో తరగతితో చదువు ఆగింది. కామారెడ్డిలో ఒక బియ్యం మిల్లులో బస్తాలు ఎంచుతూ లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. అందుకే ఆ నమ్మకం కొంచెం ఎక్కువ.)

పెండ్లయి రెండు నెలలు. ఆషాఢం రాగానే నా భార్యను ఎల్లారెడ్డిలోని పుట్టింటికి తీసుకుపోయారు. ఆ నెల అత్తా అల్లుడూ ఒకే గడప దాటకూడదు. దాటకూడదు గాని, అరుగు మీద కూర్చోవద్దని ఎవరూ అనలేదు కదా! ఉత్త చేతులతో పోతే బాగుండదని ఒక డబ్బా తెల్ల ప్రైమర్ పట్టుకొని మొదటి ఆదివారమే బస్సెక్కాను. మామ నాట్ల దగ్గరి నుంచి ఇంటికి వచ్చేసరికి తాతలనాటి టేకు తలుపును పాలల్లో ముంచి తీసినట్టు చేశాను. ఆయన తలుపును గోటితో ఒకసారి గీకి చూశాడు. "పూసినోడే తియ్యాలె. తీసేదాక రా, అరుగు మీద కూసో. తీసుడయినంక మాత్రం ఆషాఢం పొయ్యేదాక ఈ దిక్కు రాకు అల్లుడా" అన్నాడు.

అది వరమని నాకు తట్టలేదు. జానలతో తలుపు కొలిచి, రెండు ఆదివారాల్లో ముగించాలని లెక్క కట్టాను. థిన్నర్ గుడ్డతో తడిపి గాజు పెంకుతో గీకుతుంటే తెల్లని పొర చుట్టలుగా రాలేది, కింద నుంచి టేకు గీతలు చెరువు అలల్లా మెల్లగా తేలేవి. బయట సన్నటి ముసురు. ఓరగా వేసిన రెక్కల సందులోంచి నా భార్య గాజుల చప్పుడు, వేయించిన మక్కల వాసన. ఎన్ని జానలు అయిందో ఎప్పటికప్పుడు ఆమెకు చెప్పి మురిసేవాణ్ణి. లోపలి నుంచి "ఊఁ" అని మాత్రం వినిపించేది.

మూడో ఆదివారం పోయి చూస్తే, గీకినంత మేరా మళ్లీ తెలుపు. ముసురుకు కర్ర ఊరి లోపలి రంగు పైకి వచ్చిందనుకున్నాను. నా లెక్క ఎక్కడ తప్పిందో తెలియడం లేదని సందులోంచి ఆమెతో మొరపెట్టుకున్నాను. జవాబుగా నీళ్లచెంబు బయటికి వచ్చింది. చెంబు పట్టుకున్న వేళ్ల గోళ్ల నిండా ప్రైమర్.

"గిన్ని లెక్కలొచ్చు గదా, పనైపోతే రానియ్యరని తెల్వదా నీకు?" అంది మెల్లగా.

నాలుగో ఆదివారం పొద్దుగూకేదాకా తలుపు మీద చెక్కిన ఒక్క తామరపువ్వునే గీకాను, అదీ వేలిగోటితో. శ్రావణం వచ్చాక మిగతా తలుపంతా గీకేసి ఆమెను తీసుకొని బయలుదేరుతుంటే, తలుపు పైకొసన మిగిలిన తెలుపును మామ చూపించాడు. నేను గోటితో గీకబోయాను. "ఉండనియ్యి. బాకీ ఉన్నోడే మల్లమల్ల వస్తడు" అన్నాడు, కూతురి గోళ్ల వంక చూస్తూ.

ఇప్పుడు ఆ గడప దర్జాగా దాటుతాను. దాటుతూ ఒకసారి తల ఎత్తి చూస్తాను. ఆ అరుగు మీద కూర్చొని, తొందరగా ముగించినవాడే మొనగాడనుకున్న ఆ కుర్రాణ్ణి తలచుకుంటే జాలి, కొంచెం అసూయ కూడా. ఈసారి గీకేస్తానంటాను. పక్కనుంచి నా భార్య "ఊఁ" అంటుంది. నేటికీ బాకీ: పొడవు జానెడు, వెడల్పు నాలుగు వేళ్లు.