పీర్ల పిల్లను పెంచిన ఖాలా

పక్కింటి ఖాలా పోయిందని మా తమ్ముడు కర్నూలుకు వచ్చి చెప్పాడు. వాకిట్లో కాళ్ళు కడుక్కుంటూనే చెప్పాడు. "మొన్న తెల్లారి నమాజుకని లేసి, చెంబు పట్టుకోని అట్లే కూర్చుండిపోయిందంటక్కా." మట్టి చేయడం కూడా అయిపోయిందట. వాడికి మజ్జిగ కలపడానికి లోపలికి వెళ్ళి, ఉప్పు వేశానో లేదో తెలియక గిన్నె పట్టుకుని నిలబడిపోయాను. అప్పటినుంచి ఏ పనిలోనూ కుదురు లేదు. ఆమె మంచితనం గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే ప్రతిసారీ ఒక గుర్రం అడ్డం వస్తోంది. సరే, రానీ.

మైదుకూరులో ఆమె ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒక్కటే గోడ. ఖాలా అంటే వాళ్ళలో పిన్ని. మాది బట్టల అంగడి ఇల్లు, వేరే కులం, వేరే వంట. అయినా మేమూ ఆమెను అలాగే పిలిచేవాళ్ళం. ఆమె భర్త, మా సాయిబు మామ, కడపకు జట్కా తోలేవాడు. ఖాలా గుర్రంతో ఉర్దూలో, మొగుడితో తెలుగులో మాట్లాడేది. ఎందుకట్లా అని అడిగితే, "ఉర్దూలో చెప్తే గుర్రం వింటాది బేటీ. మీ మామ యే బాషలో చెప్పినా వినడు. ఆయనకు తెలుగు సాలు" అనేది, ఆయనకు వినబడేలాగే.

ఒక ఏడు మొహర్రానికి పీర్ల చావిడిలో పీర్లను నిలబెట్టిన రోజుల్లోనే వాళ్ళ ఆడగుర్రం ఈని చచ్చిపోయింది. పిల్ల మాత్రం బతికింది. మామ అప్పుచేసి ఒక ముసలి గుర్రాన్ని తెచ్చి జట్కాకు కట్టుకున్నాడు. ఖాలా మేకపాలలో గుడ్డ ముంచి ఆ పిల్లకు చప్పరించడం నేర్పింది. దానికి రాజా అని పేరు పెట్టింది. వీధికి మాత్రం అది పీర్ల పిల్ల. పీర్లే ఇచ్చారని అందరి నమ్మకం. హిందువులని లేదు, తురకలని లేదు, చావిడికి పోయే ప్రతి ఆడమనిషీ బెల్లంతో దంచిన మలీదా ముద్దలో ఒక పిడికెడు దాని నోటికి పెట్టేది. దాన్ని అదిలించకూడదు. అది ఎవరి కొంగు పంటితో పట్టి లాగితే వాళ్ళ మొక్కు తీరినట్టేనని పేరు కూడా వచ్చింది. మా అమ్మ కొంగూ లాగింది. ఆమె ఆ రోజంతా నవ్వు మొహంతో తిరిగింది.

ఖాలాకూ దానికీ ఒక ఆట ఉండేది. ఆమె కొట్టం ముందు నిలబడి పిలిస్తే అది దూకుతూ వచ్చి, ముందుకాళ్ళు ఎత్తి ఆమె భుజాల మీద పెట్టేది. బిడ్డను ఎత్తుకున్నట్టు ఆమె దాన్ని పొదివి పట్టుకునేది. చూడడానికి పక్క వీధులవాళ్ళు వచ్చేవాళ్ళు.

నేను మదరాసులో చదువుకుంటూ సెలవులకు వచ్చిన ప్రతిసారీ ఆ నవ్వులు తగ్గుతూ కనిపించాయి. మొదటి సెలవుల్లో పూలమ్మే ఆమె బుట్ట లాగేసిందన్నారు. తరవాత ఎవరిదో వేలు కొరికిందన్నారు. మూడో ఏడు వేసవికి నేను వచ్చేసరికి మామ కుడిచెయ్యి మెడకు కట్టుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు. రాజా ముందుకాళ్ళెత్తి ఆయన మీద పడింది. భుజం ఎముక విరిగింది.

ఎవరి కారణం వాళ్ళు చెప్పారు. వయసు పొగరన్నారు కొందరు. తండ్రి గుర్రం జాతి మంచిది కాదన్నాడు మా నాన్న. పీర్లకు ఏదో లోపం చేశారన్నారు అమ్మలక్కలు. మామది ఒకటే మాట. "దెబ్బలు తక్కువైనాయి. ఈయమ్మ కొట్టనిచ్చిందా?"

అప్పటికే కడప బాటన మోటారు బస్సు తిరుగుతోంది. ముసలి గుర్రానికి చూపు మందగించింది. రాజా జట్కాకు కుదిరితే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది, లేకపోతే లేదు. బద్వేలులో సున్నపు గానుగ ఆడించే మనిషొకడు కొంటానని కబురు పంపాడు. అక్కడ కళ్ళకు గంతలు కట్టి పొద్దస్తమానం గుండ్రంగా తిప్పుతారు. ఖాలా అన్నం తినడం తగ్గించింది.

బేరం మాట్లాడడానికి సంతరోజున మామ, ఖాలా, నేను ముగ్గురం బయలుదేరాం. పశువుల సంతలో ఒక పక్కన ఎవరిదో ఆడగుర్రం, దాని కింద పిల్ల. పిల్ల పాలు తాగుతూ గట్టిగా కొరికినట్టుంది. తల్లి చెవులు వెనక్కు వాల్చి, వెనుకకాలితో ఒక్కటి తన్నింది. పిల్ల అంత దూరాన ఎగిరిపడి, లేచి నిలబడింది. కాసేపటికి తల వంచుకుని మళ్ళీ వచ్చి, ఈసారి మెల్లగా నోరు పెట్టింది. తల్లి గడ్డి నములుతూనే ఉంది, ఏమీ జరగనట్టు.

ఖాలా అక్కడే ఆగిపోయింది.

గానుగ మనిషి వచ్చాడు. "ఏమప్పా సాయిబూ, గుర్రం యాడ? తోలకరాకుండా బేరమేంది?"

"నేను అమ్మనప్పా" అంది ఖాలా.

మామ కట్టు కట్టిన చెయ్యి ఎత్తబోయి నొప్పికి మూలిగాడు. "ఏందే నీ యవ్వారం! ఇంగో చెయ్యి గూడా ఇరగ్గొట్టించుకోమంటావా?"

"అది నిన్ను కొట్టల్యా. నా మీద యెట్ల కాళ్ళేస్తాండెనో నీ మీదా అట్లే ఏసింది. అది చిన్నప్పుడు చేసిందే ఇప్పుడూ చేస్తాండాది. మనం నవ్వినాము, అది నేర్చుకుండె." ఆమె ఆ తల్లిగుర్రం వైపు చూసింది. "దానికి తల్లి నేనే గదా అనుకుంటి. తన్నడం ఒకటి రాకపాయె నాకు."

"అయితే ఈ పొద్దునుంచి తన్ను. నీ కాలిరిగితే నేనొచ్చి కట్టు కట్టిస్తా" అన్నాడు మామ. కానీ గానుగ మనిషి వైపు మళ్ళీ తిరగలేదు.

ఆమె తన్నలేదు, కొట్టలేదు. చేత్తో తినిపించడం మానేసింది. ఉలవలు తొట్టిలో పోసి పక్కకు వచ్చేసేది. అది పైకి లేవబోతే వీపు తిప్పి కొట్టం బయటికి నడిచేది, అది దిగి నిలబడేదాకా లోపలికి పోయేది కాదు. గోడకు ఇవతల నాకు దాని సకిలింపు వినబడేది. ఆమె గొంతు వినబడేది కాదు.

ఆ ఏడు నా సెలవుల్లోనే పీర్ల పండగ వచ్చింది. ఆడవాళ్ళు ఎప్పటిలాగే మలీదా పట్టుకుని ఆమె వాకిటికి వచ్చారు. ఖాలా గడపలో అడ్డంగా నిలబడింది.

"పెట్టొద్దు. ఎవురూ పెట్టొద్దు."

"ఏమ్మే, పీర్ల సొమ్ముకు పెట్టొద్దనేదానికి నువ్వెవురు?"

"రేపు పొద్దన మీ పిల్లోని చెయ్యి కొరికితే అప్పుడు పీర్ల సొమ్మంటావా, నా సొమ్మంటావా?"

"కండ్లు నెత్తికెక్కినాయి దీనికి. పీర్లిచ్చినది పీర్లే తీసుకపోతారు, సూడు!"

ఆ మాటకు ఆమె మొహం తెల్లబోయింది. ఆమెకూ నమ్మకం ఉంది కదా. ప్రతి ఏడూ చావిడి ముందు నిప్పుల గుండం చుట్టూ తిరిగే మనిషి. అయినా గడప వదలలేదు. మా అమ్మ కూడా చేతిలో ముద్దతో నిలబడి, చివరికి దాన్ని నాకు ఇచ్చేసి వెళ్ళిపోయింది. ఆ పండగంతా ఆ ఇంటికి నీళ్ళ చెంబు అందించినవాళ్ళు లేరు.

ఆమె కనిపెట్టిందే అసలు కారణమా? నాకు ఇప్పటికీ తెలియదు. మగగుర్రాలకు ఆ వయసులో సహజంగానే అట్లా ఉంటుందని తరవాత ఒక పశువుల డాక్టరు అన్నాడు. తోటి గుర్రాలు లేక ఒంటరిగా పెరగడం వల్ల కూడా కావచ్చునన్నాడు. అన్నీ నిజాలే అయి ఉండొచ్చు. నేను పాఠాలు చెప్పే క్లాసులో చిన్నపిల్లలు ముద్దుగా ఎదురు చెబితే నవ్వబోయి నేను ఆగిపోతుంటాను. ఆగడం సరైనదేనా అని ఇంటికి వచ్చాక మథనపడుతుంటాను. పోయిన ఏడు ఆమెనే అడిగాను, అప్పుడు చేసింది మంచిదేనా అని.

"ఏమో బేటీ. శానా ఏండ్లు బండి లాగె. ఎవుర్నీ కొరకల్యా. మాకు కూడు పెట్టె." వేపపుల్లతో పళ్ళు కుట్టుకుంది. "కానీ నన్ను సూసి పరిగెత్తి రావడం మానుకుండె. నేనే గదా మాన్పిస్తి."

ఆ పండగ తరవాతి సెలవుల్లో, రాజాను మొదటిసారి జట్కాకు కట్టిన పొద్దు నేను అక్కడే ఉన్నాను. వీధివాళ్ళు అరుగుల మీదినుంచి చూస్తున్నారు. మామ కళ్ళెం సర్ది ఎక్కి కూర్చున్నాడు. గుర్రం కదలలేదు. ఇంటివైపు తల తిప్పి సకిలించింది. మామ చెర్నాకోల ముట్టకుండా నాలుకతో టక్కుమని అదిలించాడు. అది మళ్ళీ ఇంటివైపే చూసింది. తనను చూస్తే పరిగెత్తి వస్తుందని ఖాలా తలుపు వెనకే ఉండిపోయింది. నేను ఆమె పక్కన నిలబడ్డాను. ఆమె నుదురు తలుపు చెక్కకు ఆనించి, రెండు చేతులూ కొంగులో చుట్టి బిగించి పట్టుకుంది. చక్రాలు కదిలాయి. గజ్జెల చప్పుడు కడప బాట పట్టి, సన్నగిల్లి, పూర్తిగా ఆగిపోయింది. అప్పుడు చూశాను. రాజా, రాజా అని ఆమె పెదవులు గొంతు లేకుండా కదులుతూనే ఉన్నాయి.