రోజుకొకసారి, భోజనం తర్వాత, నాన్నతో

డాక్టరాంటీ పోయారు. ఈ వార్తను మా అమ్మ నాకు ఫోన్‌లో చెప్పిన పద్ధతి చరిత్రలో నమోదు కావలసినది. ముందు తిన్నావా అని అడిగింది. కార్‌కి ఆయిల్ మార్పించావా అంది. రెడ్‌మండ్‌లో వర్షం పడుతోందా అంది. పడుతోందన్నాను, ఎప్పుడూ పడుతూనే ఉంటుంది కాబట్టి. సరే పెట్టేస్తున్నానంది. పెట్టలేదు. "డాక్టరాంటీ పొద్దున పోయార్రా" అంది. నిద్రలోనే పోయారట. తలగడ పక్కన లైబ్రరీ పుస్తకం ఉందట, ఏడేళ్ళ పిల్లలు చదివేది. సగం దాకా చదివి కాగితం ముక్క పెట్టుకున్నారట.

అమెరికాలోని హెర్న్‌డన్‌లో పెరిగిన తెలుగు బాలబాలికలందరి తరఫునా ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నన్నెవరూ ఎన్నుకోలేదు. వాళ్ళలో చాలామందికి తెలుగు చదవడం రాదు కాబట్టి అభ్యంతరం చెప్పేవాళ్ళు కూడా లేరు. ఇందులో తప్పులుంటే నావి. లేకపోతే అమ్మ దిద్దిందని గ్రహించగలరు.

ఆవిడ తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. పందొమ్మిది వందల డెబ్బైలలో ఆంధ్రా నుంచి వచ్చి, ముప్పై ఏళ్ళు పిల్లల డాక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. మా వీధి చివరి టౌన్‌హౌస్‌లో ఒక్కరే ఉండేవారు. క్లినిక్ మూసేసినప్పుడు మిగిలిపోయిన ప్రిస్క్రిప్షన్ పుస్తకాలు ఒక అట్టపెట్టెడు ఇంటికి తెచ్చుకున్నారు. ఇక వాటిమీద మందులు రాయడానికి వీల్లేదు గనుక, క్లినిక్ పేరు కొట్టేసి, పుస్తకాలూ టీవీ కార్యక్రమాలూ వీడియో గేములూ రాసేవారు. శనివారం మధ్యాహ్నమైతే ఆవిడ డైనింగ్ టేబుల్ చుట్టూ తల్లిదండ్రులు చేరేవారు. ఒకరి చేతిలో కథల పుస్తకం, ఒకరి చేతిలో డీవీడీ, ఒకరి చేతిలో ముద్దాయి చెయ్యి. ముద్దాయిలంటే మేమే.

తను చూడనిదాని మీద ఆవిడ ఒక్క మాట చెప్పేవారు కాదు. ఏది తెచ్చినా, వచ్చే శనివారం రమ్మని ఉంచేసుకునేవారు. పాప్‌కార్న్ మీద కందిపొడి చల్లుకుని, మెళ్ళో రెండు కళ్ళజోళ్ళు వేలాడేసుకుని, కార్టూన్లు చూస్తూ పక్కింటికి వినిపించేలా నవ్వేవారు. గేము ఆడుతుంటే తెర మీది రాక్షసుణ్ణి, "తప్పుకోరా వెధవా, ఇంకా మూడు కొండలెక్కాలి నేను" అని కసిరేవారు. ఆ తర్వాత చీటీ రాసేవారు. ఆ దస్తూరీ మందుల షాపువాడికి తప్ప ఎవరికీ అర్థం కాదు కాబట్టి ఆవిడే పైకి చదివి వినిపించేవారు.

చీటీ మీద మంచిదని గానీ చెడ్డదని గానీ ఎప్పుడూ ఉండేది కాదు. ఎంత, ఎప్పుడు, ఎవరితో అన్నది ఉండేది. "రోజుకొక అధ్యాయం, అమ్మతో." "వారానికి రెండుసార్లు, అక్కతో, అక్క ఒప్పుకుంటేనే." "ఒంటరిగా వాడవచ్చు" అని రాయించుకున్నవాడు ఆ వారమంతా మా స్కూల్ బస్సులో రాజులా తిరిగేవాడు. పెద్దవాళ్ళకి రాసిన చీటీ ఒక్కటే చూశాను. ఇండియా నుంచి వచ్చిన ఒక నాయనమ్మగారి కోసం: "ఈ సీరియల్ ఆపవలెను. బీపీ పెరుగుతున్నది. బదులుగా మనవరాలితో బొమ్మల పుస్తకం."

మా పెద్దవాళ్ళు అమాయకులు. వాళ్ళ చిన్నప్పుడు ఇంట్లో ఒక్క టీవీ, అందులో వచ్చిందే చూడటం. ఇక్కడ లైబ్రరీకి వెళితే గోడకీ గోడకీ మధ్య అంతా పిల్లల పుస్తకాలే. ఎటు పోవాలో తెలియక అందరూ ఒకే ప్రశ్న అడిగేవారు: ఏది చదివితే స్పెల్లింగ్ పోటీలో గెలుస్తుంది? ఒక ఆంటీ అయితే, అమ్మానాన్నలు విడిపోయిన పిల్ల కథ ఒకటి కూతురు తెచ్చుకుంటే, వాళ్ళు విడిపోయే రెండు అధ్యాయాలనూ స్టేప్లర్‌తో కుట్టేసింది. ఆ పిల్ల పుస్తకం మొత్తంలో చదివింది ఆ రెండు అధ్యాయాలే. డాక్టరాంటీ ఆ పిన్నులు ఒక్కొక్కటే గోటితో ఊడదీస్తూ, "దానికి భయం వేసిందేమో అడిగావా?" అన్నారు. అడగలేదంది ఆంటీ. నీకు వేసిందా అని అడిగారు. ఆంటీ టేబుల్ మీద పడ్డ పిన్నులు ఏరడం మొదలుపెట్టింది.

ఇంకో శనివారం ఒక అంకుల్, కార్టూన్‌లో బాతు నెత్తిన సుత్తితో కొడుతున్నారనీ, ఇంత హింస చూస్తే పిల్లలేమైపోతారనీ ఆవేదన చెందుతూ వచ్చారు. ఆవిడ అంతా విని, పోయిన శుక్రవారం ఇంట్లో ఏం చూశారని అడిగారు. ఇండియన్ స్టోర్‌లో తెచ్చిన తెలుగు సినిమా అన్నారాయన, అందరం కలిసే చూశాం, ఫ్యామిలీ సినిమాయే. అందులో ఎంతమంది పోయారన్నారు ఆవిడ. అంకుల్ ఆలోచనలో పడ్డారు. పక్కన కూర్చున్న ఆయన ఆరేళ్ళ కొడుకు బుద్ధిగా అడిగాడు:

"బాంబులతోనా, కత్తులతోనా?"

"తెలుగులో నరికితే పరవాలేదనుకున్నావా నాయనా?" అన్నారు డాక్టరాంటీ. అంకుల్ టీ తాగేశారు. కప్పు ఖాళీ అయ్యాక కూడా కాసేపు తాగారు.

ఇక నా కేసు.

నాకు పదకొండేళ్ళు. కోటలు ముట్టడించే గేమొకటి అందరి దగ్గరా ఉంది, నా దగ్గర లేదు. చరిత్ర పాఠానికి పనికొస్తుందని నాన్నకి చెప్పాను. చరిత్ర అనగానే నాన్న కరిగిపోయి, అట్ట మీద వయసు హద్దు ఏముందో చూడకుండా కొనేశారు. మూడు వారాల తర్వాత ఒక సాయంత్రం ఆఫీస్ నుంచి తొందరగా వచ్చి, నా వెనక నిలబడ్డారు. సరిగ్గా అప్పుడే నేనొక కాపలావాడి తల నరికాను. చరిత్ర ప్రకారమే నరికాను, కానీ ఆయన ఆ కోణంలో చూడలేదు. ఆ వారమే లెక్కల్లో సి గ్రేడు వచ్చింది.

నాన్న అరవలేదు. విజయవాడలో ఉన్న బాబాయికి ఫోన్ చేసి, రెసిడెన్షియల్ స్కూల్లో సీటు కనుక్కోమన్నారు. జూన్‌లో స్కూలు అయిపోగానే నన్ను తీసుకెళ్ళి హాస్టల్లో వదిలిపెట్టి రావాలని నిర్ణయం. ఇక్కడుంటే వీడు చేతికి రాడన్నారు. మా వయసు పిల్లలందరికీ ఇళ్ళలో ఈ బెదిరింపు వినిపించేది, కానీ మా ఇంట్లో అది బెదిరింపు కాదు. బాబాయి నుంచి ఫారాలు వచ్చేశాయి. అమ్మ వాటిని ఫ్రిజ్ మీద పెట్టింది, అందుకోవడం కష్టమైతే మర్చిపోతారేమోనని. నాన్న ఆరడుగులుంటారు.

అప్పుడు అమ్మ పులిహోర చేసి, డాక్టరమ్మగారికి ఇచ్చొద్దాం పదండని ఇద్దర్నీ బయల్దేరదీసింది. ఆ పులిహోర మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు.

ఆవిడ నన్ను వెనకేసుకొస్తారనుకున్నాను. ముందు నన్నే పట్టుకున్నారు.

"చరిత్ర అని చెప్పావా?"

"చెప్పాను."

"అది అబద్ధమని తెలుసా?"

"కొంచెం."

"ఇంటికెళ్ళి ఆ కొంచెం ఎంతో నాన్నకి నువ్వే చెప్పాలి." తర్వాత నాన్న వైపు తిరిగారు. "ఏమయ్యా, ఆ ఆట నువ్వెంతసేపు చూశావు?"

"రెండు నిమిషాలు చూశానండీ. అది చాలదా?"

"మరి వీణ్ణి?"

నాన్నకి ప్రశ్న అర్థం కాలేదు. అర్థమైనా కానట్టు కూర్చున్నారేమో నాకు తెలియదు.

"రెండు నిమిషాలు చూసి, ఈ పిల్లాణ్ణి సముద్రాలు దాటించండని నేను రాసిస్తే నా లైసెన్సు పీకేసేవాళ్ళు" అన్నారు ఆవిడ. ఆ గేము తను ఇదివరకే ఆడాననీ, మూడో కోట దగ్గర ఆగిపోయాననీ చెప్పి చీటీ రాశారు. రోజుకొకసారి, భోజనం తర్వాత, అరగంట, నాన్నతో. కంట్రోలర్ నాన్న చేతిలో. రెండు వారాలు. అప్పటిదాకా బాబాయికి ఫోన్ చేయరాదు.

నాన్న క్రమశిక్షణ గల మనిషి. డాక్టరు రాస్తే కోర్సు మధ్యలో ఆపరు. మొదటి రోజు గోడకేసి నడిచారు. అరగంటలో ఇరవై నిమిషాలు గోడకేసే నడిచారు. రెండో రోజు ఆకాశం వైపు చూస్తూ నడిచి నదిలో పడ్డారు. నేను పక్కన కూర్చుని కుడి నాన్నా, ఎడమ నాన్నా అంటూ ఉన్నాను. జీవితంలో మొదటిసారి నాకు వచ్చింది ఆయనకి రాలేదు. ఆ ఆనందాన్ని ఎంత దాచుకున్నా ముఖంలో కనిపించి ఉంటుంది.

ఆయన ఆఫీస్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేవారు. అందుకని ప్రతిదానికీ ప్రశ్న. వీణ్ణెందుకు చంపాలి? గేటు దగ్గర ఉన్నాడు కాబట్టి. వాడేం చేశాడు? ఏమీ చెయ్యలేదు, నిలబడ్డాడు. పక్కనుంచి పోతే కుదరదా? నాకు తెలియదు, ఎప్పుడూ ప్రయత్నించలేదు. నాలుగో రోజు ఇద్దరం కలిసి ఆ కాపలావాడి పక్కనుంచి, మురుగు కాలవలోంచి, చంపకుండా కోటలోకి దూరాం. నాన్న సోఫాలోంచి లేచి నిలబడ్డారు. అమ్మ వంటింట్లోంచి తొంగిచూసి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

తొమ్మిదో రోజున ఆయన ఆడటం ఆపేశారు. కంట్రోలర్ చేతిలోనే ఉంది. తెర మీద మా సైనికుణ్ణి ఎవరో పొడుస్తున్నారు. నాన్నా, పక్కకి జరుగు అన్నాను. ఆయన జరగలేదు.

"నన్నూ ఇలాగే పంపించార్రా" అన్నారు.

"ఎక్కడికి?"

"హాస్టల్‌కి. బడి ఎగ్గొట్టి సినిమాలు చూస్తున్నానని. అప్పుడు నాకు నీ వయసే."

ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. అమ్మకి కూడా పూర్తిగా తెలియదని తర్వాత అర్థమైంది. అక్కడ బాగా చదివావా అని అడిగాను. చదివానన్నారు. ఫస్ట్ వచ్చేవాణ్ణన్నారు.

"మీ తాతయ్య ఆదివారాలు చూడ్డానికి వచ్చేవారు. ఏం మాట్లాడాలో నాకు తెలిసేది కాదు. ఆయనకీ తెలిసేది కాదు. తర్వాత కూడా మాకది కుదర్లేదు."

సైనికుడు చచ్చిపోయాడు. ఇద్దరం వాణ్ణలాగే వదిలేశాం. కొంచెం అబద్ధం సంగతి నేనప్పుడు చెప్పాను, మొత్తం అబద్ధమేనని. ఆయన తలూపారు. మర్నాడు ఫ్రిజ్ మీది ఫారాలు కనిపించలేదు. ఫోన్‌లో నాన్న బాబాయితో, వద్దులేరా, ఇక్కడే చదువుతాడు అనడం మెట్ల మీద కూర్చుని నా చెవులారా విన్నాను.

రెండు వారాల కోర్సు ముగిశాక డాక్టరాంటీ మమ్మల్ని చూసి, గేము పెట్టె అడిగి తీసుకుని, పైన అల్మారాలో పెట్టేశారు. నాకింకా ఆ వయసు రాలేదట. "ఆట మీద నాకేం కోపం లేదు. నువ్వే కాస్త తొందరపడ్డావు" అన్నారు. పదిహేనేళ్ళు నిండాక వచ్చి తీసుకోమన్నారు. ఆ విధంగా నేను అమెరికాలో ఉండిపోయాను, గేము ప్రవాసం పోయింది. ఆ తీర్పు మీద చాలాకాలం గుర్రుగా ఉన్నానని వినయంగా మనవి చేసుకుంటున్నాను.

తర్వాత ఫోన్లు పెద్దవయ్యాయి, టాబ్లెట్లు వచ్చాయి. ఆవిడ వేళ్ళు వంకర తిరిగి, తెర మీద ఒకటి నొక్కబోతే ఇంకొకటి నొక్కుకునేది. అయినా శనివారాలు ఆగలేదు. ఒక అంకుల్ ఆవిడ తీర్పులన్నీ వెబ్‌సైట్‌లో పెడతాననీ, పుస్తకం పేరు కొడితే చాలు ఎన్ని నక్షత్రాలో వచ్చేస్తుందనీ ఎంతో బతిమాలారు. ఆవిడ ఒప్పుకోలేదు. "పుస్తకం సంగతి మీ కంప్యూటర్ చెబుతుందయ్యా. ఎదురుగా ఉన్న పిల్ల సంగతి ఎవరు చెబుతారు?" అన్నారు. ఒకే పుస్తకానికి అన్నకొక చీటీ, చెల్లెలికొక చీటీ రాసిన మనిషి ఆవిడ.

నేను రెడ్‌మండ్ నుంచి విమానంలో వచ్చాక, శనివారమే అందరం ఆవిడ ఆఖరి చూపుకి ఫ్యూనరల్ హోమ్‌కి వెళ్ళాం. ముందు హాల్లో మావాళ్ళంతా ఉన్నారు. ఏడెనిమిదిమంది చిన్నపిల్లలు కూడా ఉన్నారు, ఆవిడ ఆఖరి బ్యాచ్. వాళ్ళని లోపలికి తీసుకెళ్ళాలా వద్దా అని తల్లులు గుసగుసలాడుతున్నారు. జడుసుకుంటారని ఒకరు, చూడకపోతే రేపు అడుగుతారని ఒకరు. ఎవరో తండ్రి ఫోన్ తీసి పిల్లల చేతికిచ్చి, ఇక్కడే ఆడుకోండన్నాడు. అప్పుడొక ఆంటీ అలవాటు కొద్దీ, "ఒకసారి డాక్టరాంటీని అడిగితే" అనేసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

నాన్న లేచారు. ఒక్కరే లోపలికి వెళ్ళారు. చాలాసేపు రాలేదు. వచ్చాక కళ్ళు తుడుచుకుని, మోకాళ్ళు పటపటమంటుండగా పిల్లల ముందు కార్పెట్ మీద కూర్చున్నారు.

లోపల ఒక పెద్ద పెట్టె ఉందని చెప్పారు. అందులో ఆంటీ పడుకుని ఉన్నారు, ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని. పిలిస్తే లేవరు. పెద్దవాళ్ళు కొంతమంది ఏడుస్తున్నారు, నేనూ ఏడ్చానన్నారు. చూడాలనుకున్నవాళ్ళు నాతో రావచ్చు. వద్దనుకున్నవాళ్ళ దగ్గర వీడు కూర్చుంటాడు. వీడంటే నేను.

ఐదేళ్ళ పిల్ల ఒకతి ఫోన్ కింద పెట్టి అడిగింది: "ఆంటీ మనల్ని చూస్తదా?"

"లేదమ్మా. మనమే చూస్తాం."

ఆ పిల్ల కొంచెంసేపు ఆలోచించి, లేచి నాన్న వేలు పట్టుకుంది. నడిస్తే మడమల్లో ఎర్ర దీపాలు వెలిగే బూట్లు దానివి. ఎవరూ వాటిని విప్పమనలేదు. తలుపు దగ్గర అది ఒకసారి ఆగింది, నాన్న కూడా ఆగారు. మళ్ళీ అది అడుగేశాక ఆయన అడుగేశారు. దీపాలు తగ్గించిన ఆ పొడవాటి గదిలో, కార్పెట్ మీద, ఆ బూట్లు వెలుగుతూ ఆరుతూ వెలుగుతూ ముందుకి వెళ్ళడం నేను మిగతా పిల్లల పక్కన కూర్చుని చూస్తూ ఉన్నాను.