నేను వంద మార్కులు వేసిన అభ్యర్థి

అమెరికాలోని మోరిస్‌విల్‌లో మా స్నేహితుల గుంపులో రాజకీయాలు తెలిసినవాణ్ణి నేనేనని పేరు. ఆ పేరు ఎవరు పెట్టారని అడిగితే కాస్త నీళ్లు నమిలి, నేనే పెట్టుకున్నానని ఒప్పుకోవాలి. పదేళ్లలో ఇక్కడా, అక్కడ ఇండియాలోనూ జరిగిన ప్రతి ఎన్నికకీ ఫలితం ముందే చెప్పాను. ఒక్కటీ నిజం కాలేదు. కానీ ఫలితం వచ్చాక అది అలా ఎందుకు వచ్చిందో గంటసేపు విడమరిచి చెప్పగలను. రాష్ట్రం విడిపోదని 2014 ఫిబ్రవరి మొదటివారం దాకా బల్లగుద్ది చెప్పాను. విడిపోతుందని తేలాక, మొదట్నుంచీ నేను అనుకుంటున్నది ఇదేనన్నాను.

నా పేరు పద్మనాభం. ఊరు ఏలూరు. అప్పటికి యాభై మూడేళ్లు. ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో డేటాబేస్‌లు చూసే ఉద్యోగం. ఈ దేశం వచ్చిన పదహారేళ్లకి, 2013లో సిటిజన్‌ని అయ్యాను. మా గుంపులో ఓటున్నది నాకూ నా భార్య నాగమణికే. మిగతావాళ్లంతా ఇంకా హెచ్‌వన్ వీసా మీదో, గ్రీన్‌కార్డు లైన్లోనో ఉన్నారు. దాంతో నా గొంతు ఇంకాస్త పెరిగింది.

గొంతు పెరగడానికి ఇంకో కారణం కూడా ఉంది. రెండేళ్లుగా నా కుడిచెవి సరిగ్గా వినిపించడం లేదు. నాకు తప్ప అందరికీ ఆ సంగతి తెలుసు. టీవీ సౌండు నలభై ఎనిమిదిలో పెడితే నాగమణి వచ్చి ఇరవైకి తగ్గించేది.

"చెవి డాక్టరుకి చూపించుకోండి" అనేది.

"నా చెవికేం? ఈ అమెరికన్లే మాటలు నమిలి మింగేస్తారు" అనేవాణ్ణి.

వినపడనప్పుడు నవ్వి తల ఊపడం అలవాటు చేసుకున్నాను. ఆఫీసులో అలా ఒకసారి తల ఊపి, మూడు శనివారాలు సర్వర్లు మార్చే పని నెత్తిన వేసుకున్నాను. అయినా బుద్ధి రాలేదు.

2014 ఏప్రిల్లో ఒక సర్వే ఫోను వచ్చింది. అందరూ పెట్టేసే అలాంటి ఫోన్లంటే నాకు ప్రాణం. నా అభిప్రాయం అడిగేవాళ్లు ఇంకెక్కడున్నారు? అరగంట మాట్లాడాను. వారం తర్వాత వాళ్లే మళ్లీ చేశారు. మే నెలలో ప్రైమరీ, అంటే పార్టీ తరఫున ఎవరు నిలబడాలో జనమే ఓటేసి తేల్చే ఎన్నిక. మా కాంగ్రెస్ సీటుకి, అంటే ఇక్కడి పార్లమెంటు సీటుకి, ముగ్గురు పోటీ. వాళ్ల డిబేటుని ఒక లోకల్ ఛానెల్ లైవ్ ఇస్తోంది. ఇంకా ఎటూ తేల్చుకోని ముప్ఫైమంది ఓటర్లని ఒక హోటల్ హాల్లో కూర్చోబెట్టి ఆ డిబేటు చూపిస్తారట. వాళ్లు ఎప్పుడు మెచ్చుకుంటున్నారో, ఎప్పుడు ముఖం చిట్లిస్తున్నారో టీవీ తెర కింద ఒక గీతలా చూపిస్తారట. అందులో నేనొకణ్ణి.

ఈ సంగతి నలభైమందికి చెప్పాను. ఆ రోజు సాయంత్రం మా ఇంట్లోనే అందరూ కూర్చుని చూసేట్టు ఏర్పాటు చేశాను. నాగమణి పులిహోర చేస్తానంది. జితేందర్, అతని భార్య నమ్రత అందరికంటే ముందు ఒప్పుకున్నారు. వరంగల్ కుర్రాడు జితేందర్, నన్ను అన్నా అంటాడు. హెచ్‌వన్ ఆరేళ్లూ అయిపోవచ్చి, వీసా ఎక్స్‌టెన్షన్ కోసం కళ్లలో ఒత్తులు వేసుకుని చూస్తున్నాడు.

డిబేటు రోజు చొక్కా మూడుసార్లు మార్చాను. నీలం బాగుంటుందా, తెలుపా అన్న మీమాంసలో హోటల్‌కి పది నిమిషాలు ఆలస్యంగా వెళ్లాను. లోపల అందరికీ ఏదో చెప్పడం అప్పుడే అయిపోయింది. ఒక అమ్మాయి నన్ను వెనక మూల బల్ల దగ్గర కూర్చోబెట్టి, చేతిలో చిన్న నల్ల పెట్టె పెట్టింది. దాని మీద గుండ్రటి నాబ్, సున్నా నుంచి వంద దాకా అంకెలు. తర్వాత ఆ అమ్మాయి వంగి ఏదో వివరించింది. సరిగ్గా నా కుడిచెవిలో.

నవ్వి తల ఊపాను.

బల్ల మధ్యలో ఒక చిన్న స్పీకర్ ఉంది. ఎదురుగా నాబ్ ఉన్న పెట్టె, బల్ల మీద స్పీకర్. ఇరవైయేళ్లుగా కంప్యూటర్లతో బతికేవాడికి ఇంకేం చెప్పాలి? ఇది సౌండు పెంచుకునే నాబ్ అని అర్థమైపోయింది. అమెరికావాడు ఎంత మర్యాదస్తుడు, ఎవరి సౌండు వాళ్లకిచ్చాడు అని మెచ్చుకున్నాను కూడా.

డిబేటు మొదలైంది. మొదటి అభ్యర్థి లాయరు. ఆవిడ గొంతు గంట కొట్టినట్టుంది. ఇరవైకి తగ్గించాను. రెండో ఆయనకి కార్ల షోరూములున్నాయి. ఆయన మైకు లేకపోయినా మా ఏలూరుకి వినపడేట్టు మాట్లాడతాడు. ఏకంగా సున్నాకి తిప్పాను. మూడో ఆయన రిటైరైన పశువుల డాక్టరు. పెద్దమనిషి తన టైతో మాట్లాడుకుంటున్నట్టు తలొంచుకుని గొణుగుతున్నాడు. అరవైకి పెంచాను, ఎనభైకి పెంచాను. పెంచాక కొంచెం నయంగా ఉన్నట్టే అనిపించింది. అదే విచిత్రం.

నా పక్కన మెళ్లో ముత్యాల దండ వేసుకున్న డెబ్బై ఏళ్ల తెల్లావిడ కూర్చుంది. ఆవిడ చేతిలోనూ ఒక పెట్టె. ఓరకంటితో చూస్తే, నేను పెంచినప్పుడల్లా ఆవిడ తన నాబ్ పదికి తగ్గిస్తోంది. బల్లకి ఒకటే స్పీకర్ కదా, నాకు వినపడకుండా ఈవిడే చేస్తోందనుకున్నాను. ఆవిడకేసి కోపంగా చూశాను. ఆవిడ నా పెట్టెకేసి చూసి, నాకంటే కోపంగా చూసింది. పశువుల డాక్టరు ఏదో ముఖ్యమైన విషయంలోకి దిగినట్టున్నాడు, వేలు కూడా ఆడిస్తున్నాడు. నేను నాబ్ వందకి తిప్పి, అక్కడే బొటనవేలితో అదిమి పట్టుకున్నాను. మొత్తం రెండు నిమిషాలు. చూడు, నీతో నాకేంటి అన్నట్టు.

డిబేటు అయ్యాక మైకు పట్టుకుని ఛానెల్ యాంకర్ హాల్లోకి వచ్చాడు. చేతిలోని కాగితం చూసుకుంటూ తిన్నగా నా దగ్గరికొచ్చాడు. కెమెరా లైటు ముఖం మీద పడింది. అతను కుడివైపు నిలబడి పొడుగ్గా ఏదో అడిగాడు. నాకు అందినవి మూడు ముక్కలు: పశువుల డాక్టరు పేరు, వంద, ఎందుకు.

వినపడలేదు, మళ్లీ అడగండి అనొచ్చు. అంత చిన్న మాట నా నోట్లోంచి రాలేదు. ఇంట్లో అందరూ చూస్తున్నారన్న ధ్యాసొక్కటే ఉంది.

"ఆయన మనసులో మాట సూటిగా చెప్పారు" అన్నాను, ఇంగ్లీషులో, చాలా హుందాగా. "ఆయన చెప్పిన ప్రతి అక్షరంతో నేను ఏకీభవిస్తాను. ఇలాంటి ధైర్యమే ఈ దేశానికి కావాలి."

యాంకర్ కనుబొమలు పైకెత్తి, "మీరూ అలాగే వచ్చారు కదా" లాంటిదేదో అన్నాడు. నవ్వి తల ఊపాను.

ముత్యాల దండావిడ లేచి వేరే బల్ల దగ్గరికి వెళ్లి కూర్చుంది.

ఇంటికొచ్చేసరికి టీవీ కట్టేసి ఉంది. పులిహోర గిన్నె నిండుగానే ఉంది. ఇంత బాగా మాట్లాడితే చప్పట్లు లేవేమిటని వాకిట్లోనే నిలబడ్డాను.

జితేందర్ లేచాడు. "అన్నా, మేమేం చేసినమే నీకు?" అన్నాడు.

"ఏమైంది?"

"హెచ్‌వన్లు మొత్తం బంద్ చెయ్యాలె, ఎక్స్‌టెన్షన్లు ఇయ్యొద్దు, ఉన్నోళ్లని పంపియ్యాలె అన్నడు గదా ఆయన. నువ్వు వంద కొట్టినవ్. కింద గీత సీదా పైకి వోయింది. ఎందుకు కొట్టినవని అడిగితే ప్రతి అక్షరం కరెక్టంటివి. నా ఎక్స్‌టెన్షన్ ఆగస్టుల ఉంది. నీకు ఎర్కనే గదా."

అప్పుడు అర్థమైంది, ఆ నాబ్ ఏమిటో. సౌండు కాదు, మార్కులు.

మనిషన్నవాడైతే అక్కడే నిజం చెప్పేవాడు. నేను సోఫాలో కూర్చుని, కాలు మీద కాలేసుకుని, "దీన్ని లాంగ్ టర్మ్‌లో చూడాలి" అన్నాను. చెవుడు ఒప్పుకోవడం కంటే తమ్ముడిలాంటివాణ్ణి దేశం నుంచి పంపించెయ్యడమే నాకు తేలికనిపించింది. ఆ మాట ఇప్పుడు రాయడానికి సిగ్గేస్తోంది కానీ, ఆ పూట మాత్రం వెయ్యలేదు. వీసాలు ఆపితే కంపెనీలు ఏడుస్తాయి, కంపెనీలు ఏడిస్తే గ్రీన్‌కార్డులు త్వరగా వస్తాయి, కాబట్టి ఆ పశువుల డాక్టరు నిజానికి మన మనిషే, పైగా గెలిచేదీ ఆయనే అని పావుగంట చెప్పాను. నమ్రత కళ్లు తుడుచుకుంటూ కూతురికి చెప్పులు తొడుగుతోంది.

నాగమణి మంచినీళ్ల గ్లాసు పట్టుకుని నా వెనక కుడిపక్కన నిలబడిందట. ఆ తర్వాత జరిగింది నాకు వాళ్లు చెబితేనే తెలిసింది.

"ఏమండీ, కారు లైట్లు ఆర్పలేదు" అందట మామూలు గొంతుతో. నేను గ్రీన్‌కార్డుల గురించి చెబుతున్నాను.

"ఏమండీ, జితేందర్ వాళ్లు వెళ్లిపోతున్నారు." నేను కంపెనీల గురించి చెబుతున్నాను.

"ఏమండీ, మీకు బొత్తిగా మతిపోయింది."

"అదే నేననేది" అన్నాను నేను జితేందర్‌తో, నా వాక్యం పూర్తిచేస్తూ.

నమ్రత ముందు ఫక్కున నవ్వింది. తర్వాత మిగతావాళ్లు. ఎందుకు నవ్వుతున్నారో తెలీక నేను కూడా నవ్వి తల ఊపాను. నాగమణి ముందుకొచ్చి నా ఎడమచెవి దగ్గర వంగింది.

"ఆయన ఏమన్నాడో మీకు వినపడిందా, లేదా? ఒక్క ముక్క చెప్పండి."

"లేదు" అన్నాను.

చొక్కా మార్చుకోవడం దగ్గర్నుంచి ముత్యాల దండావిడ దాకా అంతా చెప్పాను. వాళ్లు పడిపడి నవ్వారు. జితేందర్ అందరికంటే ఆలస్యంగా నవ్వాడు. "మరి పావుగంట చెప్పిన వ్యూహం సంగతేందన్నా?" అన్నాడు. చెవి వినపడకపోవడం వల్ల ఆ వ్యూహం పుట్టలేదు. అది పూర్తిగా నా సొంతం.

నాలుగు రోజుల తర్వాత పశువుల డాక్టరు మనుషులు ఇంటికి ఫోన్ చేశారు. నా మాటలూ, ఫొటో వాళ్ల కరపత్రంలో వేసుకుంటామన్నారు. ఫోనెత్తింది నాగమణి. "ఆయనకి వినపడదండీ" అని ఇంగ్లీషులో చెప్పి పెట్టేసింది. మేలో ఆయన ముగ్గురిలో మూడో స్థానంలో వచ్చాడు. మేమిద్దరం లాయరావిడకి ఓటేశాం. ఆవిడా ఓడిపోయింది.

జూన్లో చెవి డాక్టరు దగ్గరికి వెళ్లాను. మిషను పెట్టారు. ఫ్రిజ్‌కి అంత చప్పుడుంటుందని అప్పుడే తెలిసింది.

ఆ వచ్చే శనివారం జితేందర్ ఇంట్లో భోజనాలు. అక్కడ విడిపోయిన రాష్ట్రాల గురించి ఎవరో ఎత్తారు. నేను గొంతు సవరించుకున్నాను. వెనక జితేందర్ నమ్రతతో మెల్లగా అన్న మాట స్పష్టంగా వినిపించింది.

"షురువైంది. అన్నం వడ్డించు, తినుకుంట వినొచ్చు."

అందరూ ప్లేట్లందుకున్నారు. చాలా అలవాటుగా, కోపమేమీ లేకుండా. పదేళ్లుగా ఇంతేనన్నమాట. నేను సవరించుకున్న గొంతుతో ఏం చెయ్యాలో తోచక కాసేపు దగ్గాను. తర్వాత ప్లేటు పట్టుకుని జితేందర్ పక్కన కూర్చుని, "నీ ఎక్స్‌టెన్షన్ ఎంతవరకొచ్చింది?" అని అడిగాను.

అతను అనుమానంగా నా చెవికేసి చూశాడు. "నిజంగనే అడుగుతున్నవా అన్నా?"

"చెప్పు."

చెప్పాడు. తన వీసా లాయరు ఏ కాగితం పోగొట్టాడో, వాళ్ల నాన్న ఆపరేషన్‌కి తను ఇండియా ఎందుకు వెళ్లలేకపోయాడో, ఇల్లు కొందామనుకుని ఎన్నిసార్లు వెనక్కి తగ్గారో అన్నీ చెప్పాడు. ముప్పావుగంట పట్టింది. ఆరేళ్లలో నేనెప్పుడూ అడగలేదట. మధ్యలో రెండుచోట్ల సలహా ఇవ్వబోయి ఆగాను. మూడోచోట ఆగలేకపోయాను.