డిసెంటాంగిల్ అంటే కోయడం కాదు

వల చిక్కు తీయడంలో తనను మించినవారు కొల్లేటికోటలో లేరని కాంతం గారు తానే చెప్పుకుంటారు. అది అబద్ధమని రుజువు చేసినవారు ఇంతవరకూ లేరు.

గత చలికాలంలో తనిఖీ పేరిట ఆ ఊరి వలలన్నింటినీ మత్స్యశాఖ సిబ్బంది పట్టుకుపోయారు. అనుమతి ఉందో లేదో కూడా చూడలేదు. ఏలూరు గోదాం ఆవరణలో ఒకే కుప్పగా పడేశారు. ఊరివాళ్ళూ, వాళ్ళ వకీలుగా నేనూ న్యాయస్థానానికి వెళ్ళాం. వలలన్నింటికీ అనుమతి ఉందని తేల్చి, వాటిని 'డిసెంటాంగిల్' చేసి యజమానులకు అప్పగించాలని ఆదేశం వచ్చింది.

ఆదేశం అమలు చేయవలసిన అధికారి హనుమంతరావు గారు ఆ మాటకు తనదైన అర్థం చెప్పారు. "సాయంత్రానికి విడిపోకపోతే కత్తులతో కోయిస్తానమ్మా. ఎవరి ముక్క వాళ్ళు పట్టుకుపోతారు. మిగిలింది లారీకెక్కించి పారేయిస్తాం."

నాకు ఒళ్ళు మండింది. నిఘంటువు తెరిచి ఆయన బల్ల మీద పెట్టాను. ఇంగ్లీషువారు ఆ క్రియను జుట్టుకు వాడతారు, దారానికి వాడతారు, పుకార్ల నుంచి నిజాన్ని వేరుచేసేటప్పుడూ వాడతారు. ఎక్కడ వాడినా షరతు ఒక్కటే: ఒకదాని నుంచి మరొకదాన్ని విడిపించాక రెండూ మిగలాలి. ఒకటి తెగితే ఆ పని జరగనట్టే, ఆదేశం అమలుకానట్టే.

"సరేనండీ, కోయించను. కానీ సాయంత్రం లారీ వస్తుంది. అప్పటికి విడిపోని కుప్ప దాంట్లోకే" అన్నారాయన.

ఆ కుప్ప పోతే ఊరు వేటకు వెళ్ళలేదు. గేటు తీయగానే అందరూ లోపలికి పరుగెత్తారు. ఏ ఇంటి వలో తెలియడానికి అక్కడ ఒక్కో ఇంటివారు వలను నీటిపై తేల్చే బెండ్లకు ఒక్కో రంగు దారం కడతారు. ఆ దారమే కొంప ముంచింది. తమ రంగు కనబడగానే ఎవరికి వారు లాగారు. కుప్ప మొత్తం ముడుచుకుని గట్టిపడింది.

"ఆగండర్రా!" కాంతం గారి కేకకు చేతులన్నీ నిలిచిపోయాయి. "లాగితే బిగుస్తుందని చంటిపిల్లలకి కూడా తెలుసు. సొంత దారం కనబడేసరికి బుద్ధి అటకెక్కేసిందా? ఇవాళ ఎవరి వల వాళ్ళు ముట్టుకోకూడదు. పక్కింటిది తియ్యండి. పైన ఉన్నది ముందు."

"మరి నీది అన్నిటికన్నా అడుగునుంది. ఎవరు తీస్తారు?" పొరుగింటి భాగ్యశ్రీ అడిగింది. పడవ కట్టుకునే చోటు కోసం తగువు పెట్టుకుని ఆ ఇద్దరూ ఏడాదిగా మాట్లాడుకోవడం లేదు.

"నువ్వే తియ్యమ్మా. నా వల మీద నీకు ప్రేమ లేదు కాబట్టి తొందరపడవు."

"కోపంతో తెంపేస్తేనో?"

"తెంపు. ఊరంతా చూస్తోంది."

అంతా నవ్వారు. ఆ నవ్వుతోనే వేళ్ళు నెమ్మదించాయి. ఒక వల వదులైతే దాని కింది వలకు ఊపిరి వచ్చేది. మధ్యాహ్నం తెచ్చుకున్న అన్నం తినడానికి కూడా వంతులు వేసుకున్నారు.

లారీ వచ్చేసరికి ఒక్క చిక్కే మిగిలింది. అందులో కాంతం గారి వల ఉంది. హనుమంతరావు గారు గడియారం చూసుకున్నారు. కాంతం గారు చేతులు ఒళ్ళో పెట్టుకుని గోడవైపు తిరిగి కూర్చున్నారు. సాయం పట్టమని ఎవరో అంటే, "నేను పెట్టిన కట్టుబాటు నాకు మాత్రం లేదా ఏం?" అన్నారు.

భాగ్యశ్రీ చివరి మెలిక జార్చి, వల మడిచి ఆమె ముందు పెట్టింది. "ఒక్క కన్ను తెగలేదు. చూసుకో."

"నువ్వు తీశాక చూసుకునేదేముంది?"

ఆదేశంలోని ఆ క్రియ అక్షరాలా అమలు కావడం నేను చూశాను. చట్టం చదివినందుకు అంత గర్వపడిన రోజు నాకు మరొకటి లేదు.

కాంతం గారు లేచి హనుమంతరావు గారి ఎదుట నిలబడ్డారు. "ఏవండీ, లారీని ఖాళీగా పంపడం దేనికండీ? ఈ వలల్ని మా రేవు దాకా దింపమనండి."

ఆయన కాదనలేకపోయారు.