కాలు కింద పెట్టొద్దన్న మస్తాన్ మామ

“టైర్లలో గాలి తగ్గించినావా అమ్మీ?”

“తగ్గించినా మామా.”

మస్తాన్ మామకూ నాకూ మధ్య ఆఖరి మాటలు ఇవే. గాలి తగ్గిస్తేనే బండి ఇసుకలో కూరుకుపోదు. అదొక్కటి అడిగి, పని మానేసి ఊరికి పోవడానికి విమానాశ్రయం కారెక్కాడు. రాయచోటికి చేరిన కొన్నాళ్లకే నిద్రలో కన్నుమూశాడు. ఈ రోజు పొద్దున షెడ్డు తలుపు తీయగానే పెట్రోలు వాసన, చల్లబడిన ఇసుక వాసన కలిసి ముక్కుకు తగిలాయి. ఆయన గుర్తొచ్చాడు. నాకు రాయడం రాదు. నేను ఫోన్లో చెబుతుంటే ఊళ్లో మా అక్క కూతురు హసీనా రాస్తోంది.

ఆయన మాకు చుట్టమేమీ కాదు. సౌదీలో నజ్రాన్ ఊరి బయట ఇసుక దిబ్బల దగ్గర మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని, నాలుగు చక్రాల బైకులు అద్దెకిస్తాడు. మామ అక్కడ మెకానిక్. నేను కఫీల్ ఇంట్లో వాళ్లమ్మను చూసుకునేదాన్ని. ఆ పెద్దావిడ పోయాక నాకు పని లేకుండా పోయింది. ఎగ్జిట్ వీసా కొట్టి ఊరికి పంపేస్తామన్నారు. మొగుడు పోయినదాన్ని, ఊళ్లో తలదాచుకోవడానికి ఇల్లు కూడా లేదు. అప్పుడే కఫీల్ ఆడవాళ్ల కోసం విడిగా ఒక రోజు పెట్టాలనుకుంటున్నాడు. దిబ్బల మీద వాళ్లకు ముందు బండి నడుపుతూ దారి చూపే ఆడమనిషి కావాలి. మామ వెళ్లి ఆయనకు నా పేరు చెప్పాడు. చలికాలం వచ్చేలోగా నేర్చుకుంటే ఉండొచ్చు, లేకుంటే ఎగ్జిట్టే అన్నాడు కఫీల్.

నాకు సైకిల్ కూడా రాదు. మా ఆయన మొపెడ్ వెనక ఒక పక్కకు కూర్చోవడం, బండి ఒరిగితే కాలు ఆనించడం, అంతే తెలుసు. మామ ముందు కాళ్లదాకా వేలాడే నల్ల అబాయా అంచు పైకి దోపుకోమన్నాడు. హ్యాండిల్ దగ్గరి మీటను బొటనవేలితో నొక్కితే బండి పోతుంది, వదిలితే నెమ్మదిస్తుందని చూపించాడు. చదునులో బాగానే నడిపాను. దిబ్బ వాలులో బండి ఒరగగానే అలవాటుగా కాలు కింద పెట్టేశాను. వెనక చక్రం నా బూటు మీదికి ఎక్కింది. ఇసుక మెత్తన కాబట్టి ఎముక మిగిలింది. అక్కడే కూలబడి, నన్ను ఇంటికి పంపేయమని ఏడ్చాను.

ఆయన కేకలెయ్యలేదు. ఇసుకలోంచి బూటు తవ్వి తీసి నా ముందు పెట్టాడు.

“మొపెడ్‌కు నీ కాలే దిక్కు. దీనికి నాలుగు కాళ్లుండాయి, నీది అయిదోది ఎందుకంట? ఒరిగితే మిట్ట పక్కకు ఒళ్లు వంచు.”

“పడితే మామా?”

“పడితే ఇసకలోనే కదా. అత్తగారింట్లో కాదులే.”

ఏడుస్తూనే నవ్వొచ్చింది. బూటు తొడుక్కున్నాను. అప్పటినుంచి నేను బండి మీద, ఆయన ఇసుకలో రొప్పుకుంటూ నా పక్కన.

కఫీల్ చూడ్డానికొచ్చిన రోజు అదే వాలులో బండి ఒరిగింది. కాలు కిందికి లాగింది. పళ్లు బిగబట్టి దాన్ని అక్కడే అదిమి, ఒళ్లు మిట్ట పక్కకు వంచాను. అవతలికి దిగాక చూస్తే కఫీల్ తలూపుతున్నాడు. మామ టీ కాచి, మొదటి కప్పు నాకిచ్చి రెండోది కఫీల్‌కు ఇచ్చాడు.

ఇప్పుడు టీచర్లు, నర్సులు, కొత్త పెళ్లికూతుళ్లు వస్తుంటారు. భయపడేవాళ్ల పక్కన ఇసుకలో నేనూ నడుస్తాను. మోకాళ్లు పీకుతాయి. కాసేపటికి వాళ్లు నన్ను మరిచిపోయి ముందుకెళ్లిపోతారు. వెనక ఒక్కదాన్నే నిలబడి చూస్తుంటే కడుపు నిండినట్టుంటుంది. మామకూ ఇలాగే ఉండేదేమో, అడగనేలేదు.

హసీనా, మొదటినుంచి ఒకసారి చదివి వినిపించు తల్లీ. ఎక్కడన్నా ఆయన్ని మరీ గొప్పోణ్ని చేసుంటే చెప్పు, తీసేద్దాం. ఆయనకు నచ్చదు.