బోయిన్‌పల్లిలో పాత ప్రొక్లెయిన్, మా ఆయన ఎడమచెయ్యి

మా ఆయన ప్రభుదాసు ప్రొక్లెయిన్ ఆపరేటరు. చైన్ల మీద పాకుతూ పొడుగాటి చేత్తో మట్టి తవ్విపోసే ఆ బండి మీద కూర్చుని పదకొండేళ్ళు ఏలూరు చుట్టుపక్కల చేపల చెరువులు తవ్వారు. ముందటేడు, మట్టి తీసే బకెట్‌ని పట్టి ఉంచే పిన్ను ఊడగొడుతుంటే సమ్మెట జారి ఎడమ మణికట్టు నలిగిపోయింది. రెండు ఆపరేషన్లయ్యాయి. ఇప్పుడు చెయ్యి ఎత్తగలరు, పట్టుకోగలరు, కానీ మణికట్టు పక్కకి తిరగదు. బండిని కుడికీ ఎడమకీ తిప్పే లివరేమో ఎడమచేతి వైపే ఉంటుంది. కాంట్రాక్టర్లందరూ "పూర్తిగా బాగయ్యాక చూద్దాం దాసూ" అంటూ పద్నాలుగు నెలలు గడిపేశారు. అన్నాళ్ళూ ఆయన మా అన్నయ్య సిమెంటు కొట్లో కూర్చుని వచ్చేపోయే లారీలని చూశారు. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను కాబట్టి తిండికి లోటు లేదు. లోటల్లా ఆయన మొహంలోనే కనబడేది.

ఎవరూ బండి ఎక్కనివ్వకపోతే మన బండే కొనుక్కుందాం అని పోరింది నేనే. కొత్తది మాలాంటివాళ్ళు ఫొటోలో చూసుకోవాల్సిందే. పాతవి సికింద్రాబాదులో బోయిన్‌పల్లి వైపు యార్డుల్లో దొరుకుతాయని తెలిసి, క్రిస్మస్ సెలవుల్లో బయల్దేరాం. తీరా కొన్నాక ఆయన నడపలేకపోతే ఏం చెయ్యాలన్న మాట మాత్రం ఇద్దరిలో ఎవరం పైకి అనలేదు. పాత ప్రొక్లెయిన్ కోసం మాలాగే ఊరుగాని ఊరు వెళ్ళేవాళ్ళు ఉంటారని ఇది రాస్తున్నాను. నేను చేసిన తెలివితక్కువ పని కూడా దాచకుండా రాస్తున్నాను.

మా పిన్ని మౌలాలి రైల్వే కాలనీలో ఉంటుంది. వాళ్ళ వెనకవీధిలో యాదగిరి గారని, ముప్పై ఏళ్ళుగా ఇలాంటి బండ్లే బాగుచేస్తున్న పెద్దాయన ఉన్నారు. బయల్దేరే ముందు ఆయనకి ఫోన్ చేసి, తోడొచ్చి బండి చూసిపెట్టమని అడిగాను. సరేనన్నారు. పెట్టేసే ముందు గట్టిగా ఒక మాట చెప్పారు. "టీచరమ్మా, బండి సల్లగుండాలె. గదే ముఖ్యం." పరిచయం లేని మనిషి మా బండిని ఇంకా కొనకముందే దీవిస్తున్నాడే అని నా మనసు కరిగిపోయింది. "ఆమేన్" అన్నాను. ఆ ఊపులోనే, చూడ్డానికి బండి మాట్లాడి పెట్టుకున్న యార్డు యజమాని నర్సింగరావు గారికి ఫోన్ చేసి, తొమ్మిదింటికల్లా వచ్చేస్తాం, మాకు టైము కలిసొచ్చేలా బండి ముందే స్టార్ట్ చేసి ఉంచండి అని చెప్పాను. ఎంత ముందుచూపు గలదాన్నో అని నాకు నేనే మురిసిపోయాను కూడా.

ఏలూరు నుంచి రాత్రి రైలెక్కితే తెల్లవారుజామున ఆరులోపు సికింద్రాబాదులో దిగుతాం. స్లీపరుకి మనిషికి రెండువందల చిల్లర అయింది. స్టేషన్ నుంచి మౌలాలికి ఆటోవాడు నూట యాభై అన్నాడు, ఎనభైకి తేలాడు. పిన్ని పెట్టిన ఉప్మా తిని, యాదగిరి గారిని ఎక్కించుకుని, మళ్ళీ మెట్టుగూడ మీదుగా బోయిన్‌పల్లికి నూట ఎనభై రూపాయల్లో చేరాం. ఎనిమిది దాటితే ఆ దారిలో ఆటో కదలదు, కాబట్టి ఏడున్నరకే బయల్దేరడం మేలు. దారంతా యాదగిరి గారు ఒక్క ముక్క మాట్లాడలేదు. మా ఆయన అసలే మాట్లాడరు. మధ్యలో కూర్చుని నేనే ఇద్దరి తరఫునా ఆటోవాడితో మాట్లాడాను.

యార్డు కూరగాయల మార్కెట్‌కి అవతల, ఖాళీ జాగాలో ఉంది. మేం వెళ్ళేసరికి పసుపు రంగు వెలిసిపోయిన బండి ఒకటి గుర్రుమంటూ మాకోసం సిద్ధంగా ఉంది. యాదగిరి గారు దాని పక్క తలుపు తీసి, ఇంజన్ దగ్గరగా చెయ్యి పెట్టి చటుక్కున వెనక్కి తీసుకున్నారు. మొహం ఎర్రబడింది.

"ఏందీ సేటూ, పొద్దుగాల్నే నడిపినవా? వేడి బండి సూపెట్టి ఎవలకు టోపీ పెడ్తున్నవ్?"

నర్సింగరావు గారికి కూడా కోపమొచ్చింది. "నేనెందుకు పెడ్త? గా టీచరమ్మనే ఫోన్ చేసి స్టార్ట్ చేసి పెట్టుమన్నది."

అందరూ నా వైపు తిరిగారు. మా ఆయన సైతం.

"మీరే కదండీ చల్లగా ఉండాలన్నారు. దీవెన అనుకున్నాను" అన్నాను.

"సల్లగుండాలె అంటే ఇంజన్ సల్లగుండాలె అని టీచరమ్మా. రాత్రంత ఆగిన బండికి పొద్దుగాల మొదటి సెల్ఫ్ కొట్టినప్పుడే దాని అసలు రంగు బయటవడ్తది. వేడెక్కినంక ముసలి గుర్రం సుత ఉరుకుతది." అంతలో ఏదో గుర్తొచ్చి, "గందుకనేనా ఆమేన్ అన్నవ్? మీ దిక్కు సరే అననీకి గట్లంటరేమో అనుకున్న" అన్నారు.

నర్సింగరావు గారు పకపకా నవ్వారు. రాష్ట్రాలు రెండైనా భాష ఒకటే అని పిల్లలకి చెబుతుంటాను. ఇకమీదట కొంచెం చూసుకుని చెప్పాలి.

బండి ఆపేశారు. చల్లారడానికి చలికాలంలో అయినా నాలుగైదు గంటలు పడుతుందన్నారు. ఊరికే కూర్చోకుండా యాదగిరి గారు మమ్మల్ని బండి చుట్టూ తిప్పారు. పాత బండి చూసేవాళ్ళకి ఇది పనికొస్తుంది. మొదట బండి కాళ్ళు, అంటే చైన్ల దగ్గర మొదలుపెట్టాలట, ఎందుకంటే ఖర్చంతా అక్కడే ఉంటుంది. చైన్ని తిప్పే పళ్ళ చక్రం చూడాలి. పళ్ళు సూదుల్లా అరిగిపోయాయంటే చక్రంతో పాటు చైనూ మార్చాల్సిందే. చైన్ లోపల తిరిగే రోలర్ల చుట్టూ నూనె తడి ఉండకూడదు. తర్వాత బకెట్‌ని గడ్డపారతో అటూ ఇటూ కదిపి పిన్నులు ఎంత వదులయ్యాయో చూశారు. మిగతా బండంతా వెలిసిపోయి ఒక్క చోటే కొత్త రంగు ఉంటే అనుమానించాలి, దాని కింద అతుకు వెల్డింగ్ ఉండొచ్చు. లోపల మీటరు తొమ్మిదివేల గంటలు చూపిస్తోంది. నేను డైరీలో రాసుకోబోతే ఆయన వద్దన్నారు. "మీటర్ది ఏమున్నది, ఎవలు తిప్పితే గటు తిరుగుతది. పెడల్ రబ్బర్ సూడు. కాలు అబద్ధమాడది." రబ్బరు సగమే అరిగింది. మా ఆయన వంగి దాన్ని వేలితో తడిమి చూశారు. కుడిచేతి వేలితో.

ఒంటిగంటకి మార్కెట్ పక్కన ఉన్న చిన్న మెస్‌కి వెళ్ళాం. మనిషికి నలభై రూపాయలు, పప్పు, వంకాయ కూర, కావలిస్తే జొన్నరొట్టె. వండే ఆవిడే వడ్డిస్తుంది. మా ఆయన రొట్టెని ఒంటిచేత్తో తుంచుకోవడానికి తంటాలు పడుతుంటే చూసి ఆగింది.

"చెయ్యికేమైంది అన్నా?"

"ప్రొక్లెయిన్ పిన్ను ఊడగొడుతుంటే నలిగిందమ్మా" అన్నారాయన.

"మరి గీడికెందుకొచ్చిండ్రు?"

"ప్రొక్లెయిన్ కొనడానికి."

ఆవిడ ఒక్క క్షణం ఆయన్ని ఎగాదిగా చూసింది. "మల్ల దాన్నే కొనుడేంది?"

"నాకు వచ్చిన పని అదొక్కటే" అన్నారాయన. మామూలుగానే అన్నారు. ఆ పద్నాలుగు నెలల్లో ఆయన నోటి నుంచి ఆ మాట వినడం నాకు అదే మొదటిసారి. ఆవిడ మరేం అడక్కుండా ఇంకో రొట్టె తెచ్చి, తనే నాలుగు ముక్కలు చేసి ఆయన కంచంలో వేసి వెళ్ళింది.

రెండింటికి యార్డుకి తిరిగొచ్చేసరికి ఇంజన్ మీద అరచెయ్యి ఆనించి ఉంచగలిగేంత చల్లబడింది. రాత్రంతా ఆగినట్టు కాదుగానీ చాలన్నారు యాదగిరి గారు. తాళం తిప్పారు. బండి ఏడెనిమిది సెకన్లు మూలిగి అందుకుంది. తెల్లపొగ గుప్పున వచ్చి నిమిషంలో తేలిపోయింది. నీలంపొగ వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతోందని అర్థమట. అది రాలేదు. "మంచిగున్నది" అన్నారాయన, పొద్దుట్నుంచీ మొదటిసారి మొహం విప్పి.

నర్సింగరావు గారు నడిపి చూపించడానికి తన ఆపరేటర్ని పిలవబోతే యాదగిరి గారు అడ్డుకున్నారు. "కొనెటాయన ఉన్నడు గదా. ఆయననే ఎక్కనియ్యి."

మా ఆయన ఎక్కారు. వెనక ఒక మట్టికుప్ప, దాని పక్కన గుంట ఉన్నాయి. మట్టి ఎత్తి, తిప్పి, గుంటలో పొయ్యాలి. బకెట్ నిండుగా లేచింది. కానీ తిప్పేటప్పుడు మణికట్టు మొరాయించింది. లివరు సగం దూరం వెళ్ళి ఆగి, ఒక్కసారిగా ఒరిగింది. అంత బండీ విసురుగా తిరిగి సగం మట్టి దారిలోనే ఒలికిపోయింది. రెండోసారీ అంతే. ఈసారి బకెట్ గుంట దాటిపోయింది. ఆయన లివరు వదిలేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఇంజన్ అలా తిరుగుతూనే ఉంది. నాకు భయం వేసింది. కొట్లో కుదురుగా కూర్చున్న మనిషిని ఇంత దూరం లాక్కొచ్చి, నలుగురి ముందూ నీ చెయ్యి పనికిరాదని నేనే రుజువు చేశానా అనిపించింది. పోనీ వెళ్ళిపోదాం అని పిలవబోయాను.

అంతలో యాదగిరి గారు చైన్ మీదికెక్కి క్యాబిన్‌లోకి తల పెట్టారు. సీటు నాలుగు వేళ్ళంత వెనక్కి జరిపి, కొంచెం పైకెత్తి, చెయ్యి ఆనించుకునే దిమ్మని కిందికి దించేశారు.

"తమ్మీ, కొత్త బండ్లల్ల లివర్లు పొట్టిగుంటయ్, మణికట్టు తోటి ఆడియ్యాలె. గిది ముసల్ది. సూడు లివర్ ఎంత పొడుగున్నదో. దీన్ని ఎనకట మేము మోచెయ్యితోటే నడిపినం. మణికట్టుకు సెలవియ్యి. భుజంకెల్లి మెల్లగ నూకు."

మా ఆయన ఎడమచెయ్యిని లివరు మీద మళ్ళీ పెట్టారు. మోచెయ్యి రెక్కలా పైకి లేచింది. చూడ్డానికి ఏమంత బాగాలేదు. కానీ బండి తిరిగింది, తొణక్కుండా, నీళ్ళబిందె చంకలో ఉన్న మనిషి ఇటు తిరిగినట్టు. మట్టి గుంటలో పడింది. నాలుగో బకెట్‌కి అంచు దగ్గర ఆగడం తెలిసింది. పదోదానికి ఆయన కింద నేలని చూడటం మానేసి బకెట్ పళ్ళని మాత్రమే చూస్తున్నారు. పనిలో ఉన్నప్పుడు ఆయన చూపు అంతే. నేను ఏడ్చాను, దాచుకోవాలని కూడా అనిపించలేదు.

పదిహేడు లక్షలన్న ధర పదిహేనున్నర దగ్గర తెగింది. మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి బండిని ఏలూరు చేర్చడానికి ట్రైలర్ వచ్చింది, ఇరవై ఎనిమిది వేలకి మాట్లాడాం. ట్రైలర్ డ్రైవర్ దిగి రెండు ఇనుప పలకల్ని నేలకి వాల్చాడు. వాటి మీదుగా ప్రొక్లెయిన్‌ని పైకి పాకించడం ఆపరేటర్లు కూడా కాస్త బెదిరే పని. "ఎక్కిచ్చెటోడు ఎవలన్నా? ఆపరేటర్ వచ్చిండా?" అని అడిగాడు డ్రైవర్. మా ఆయన చొక్కా చేతులు మడుచుకుంటూ "నేనేనండి" అన్నారు.

ఏం తెలుసుకున్నావు ఈ ప్రయాణంలో అంటే, పాత బండికి తగ్గ మనిషీ, మనిషికి తగ్గ పాత బండీ ఉంటాయని. పాతది కొంటున్నామని నేను లోలోపల చిన్నబుచ్చుకున్నాను. డబ్బుండి కొత్తది కొని ఉంటే ఆ పొట్టి లివర్ల ముందు ఆయన ఓడిపోయేవారు, నేను ఆ చేతినే తప్పుపట్టేదాన్ని. ఇప్పటికీ వాన వచ్చే ముందు మణికట్టు నొప్పెడుతుంది. రోజుకి ఆరు గంటలకి మించి కూర్చోవద్దని నేను గొడవ పెడుతూనే ఉంటాను. ఈ వేసవికి రెండు చెరువులు ఒప్పుకున్నారు. మీలో ఎవరైనా పాత ప్రొక్లెయిన్ చూడ్డానికి వెళ్తే నేనిచ్చే సలహా ఒక్కటే: ధర మాట్లాడకముందే, రేపు దాన్ని నడపబోయే మనిషిని అరగంట సీట్లో కూర్చోబెట్టి మట్టి ఎత్తించండి, సీటూ లివర్లూ ఆ ఒంటికి సరిపోయాయో లేదో అప్పుడే తెలుస్తుంది. ఆ రోజు అరగంట అయ్యాక మా ఆయన్ని దిగమని మూడుసార్లు పిలిచాను. ఆయన దిగలేదు, నాలుగోసారి నేను పిలవలేదు.