వేలికి తగిలిన బంతి

తొమ్మిదో తరగతిలో ఉండగా మా చర్చి ఆడపిల్లల వాలీబాల్ జట్టులో చేరాను. పొడవు తప్ప నాకు వేరే అర్హత లేదు. మాకు ఆట నేర్పింది సండేస్కూలు దీదీ. ఆవిడ హాడో రేవులో ఓడ టికెట్ల కౌంటర్లో పనిచేసేది కాబట్టి ఎలాంటి గుంపునైనా వరసలో నిలబెట్టగలదు. "ఆడితే క్యారెక్టర్ వస్తుంది ఆంటీ" అని మా అమ్మను ఒప్పించింది. "మార్కులు కూడా వస్తే బాగుణ్ణు" అంది అమ్మ.

ఆ ఏడాది చర్చిల పోటీ ఫైనల్లో లంబాలైన్ చర్చి జట్టుతో ఆడాం. రిఫరీ మా పాస్టర్ అయ్యగారే. ఇంకొక్క పాయింటు వస్తే గెలుస్తాం. అవతలి అమ్మాయి బలంగా కొట్టింది. అడ్డుకుందామని ఎగిరాను. బంతి నా చిటికెన వేలిని రాసుకుంటూ గీత అవతల పడింది. మా చెయ్యి తగిలి బయట పడితే పాయింటు వాళ్లది, కానీ తగలడం అయ్యగారు చూడలేదు. పాయింటు మాకే ఇచ్చేశారు. మా వాళ్లు కేకలు పెడుతూ నా మీద పడ్డారు.

ఆ గుంపు కిందనుంచే చెయ్యెత్తాను. "అయ్యగారూ, బంతి నా వేలికి తగిలిందండి."

"తగిలిందా?"

"కొంచెం అండీ."

"కొంచెం బాప్తిస్మం అంటూ ఉంటుందా అమ్మా? తగిలిందా, లేదా?"

"తగిలిందండి."

పాయింటు వాళ్లకు వెళ్లింది. తర్వాతి రెండూ కూడా వాళ్లకే. మేం ఓడిపోయాం.

"అరే పాగల్, నిన్నెవరైనా అడిగారా?" అంది మా కెప్టెన్.

బస్సులో దీదీ పక్కన కూర్చున్నాను. "నిజం చెప్పమని మీరే కదా దీదీ అన్నారు?"

"అన్నాను. ఫైనల్లో, ఆఖరి పాయింటు దగ్గర చెప్పమన్నానా?" అని కిటికీ వైపు తిరిగింది. కాసేపటికి వేరుశనగల పొట్లం మాత్రం నా ఒళ్లో పెట్టింది.

ఆదివారం ప్రసంగంలో అయ్యగారు, "పేరు చెప్పను గానీ, మన సంఘంలో ఒక పొడుగాటి అమ్మాయి" అన్నారు. బెంచీలన్నీ నా వైపు తిరిగాయి. అమ్మ చీర సర్దుకుని నిటారుగా కూర్చుంది. కెప్టెన్ మూడు వారాలు నాతో మాట్లాడలేదు.

మరుసటి ఏడు సెమీఫైనల్లో ఆ కెప్టెనే హఠాత్తుగా చెయ్యెత్తింది. ముఖం ఎర్రగా ఉంది. "నాకు తగిలింది అయ్యగారూ! రాసుకోండి!" అని అరిచింది.

మేం గెలుస్తున్న పాయింటు అది. నిజం చెప్పాలంటే, నాకు ఒళ్లు మండిపోయింది.